తూర్పు పక్కన ఖాళీ

ఆఫీసులో అందరూ ఆమెను చుక్కలావిడ అనేవారు. చుక్కలు పెట్టడమే ఆమె పని. ఆడవాళ్లకు న్యాయం జరగాలని పనిచేసే సంస్థలు నగరంలో ఎక్కడెక్కడ ఉన్నాయో వెతికి, తలుపు తట్టి, ప్రశ్నలడిగి, పటం మీద ఒక్కోదానికి ఒక్కో ఊదారంగు చుక్క పెట్టించాలి. ఆ పటానికి ‘న్యాయపటం’ అని ఆఫీసు నడిపే మేడమ్ పేరు పెట్టారు. పేర్లు పెట్టడంలో మేడమ్‌ను మించినవాళ్లు లేరు.

చేరిన కొత్తలో ఇది చాలా పుణ్యమైన పని అనుకుంది చుక్కలావిడ. ఎక్కడో ఒక ఆడమనిషి దెబ్బలు తిని రోడ్డున పడుతుంది, పటం చూస్తుంది, దగ్గర్లో చుక్క కనబడుతుంది, వెళ్లి తలుపు తడుతుంది. అలా ఊహించుకుంది. తిరగడం మొదలుపెట్టాక ఆ ఊహ చెప్పులకన్నా ముందే అరిగిపోయింది.

ఒక సంస్థ అధ్యక్షుడు సమానత్వం మీద అరగంట మాట్లాడి, మధ్యలో లోపలికి తిరిగి "ఏయ్, టీ ఏదీ?" అని కేకేశాడు. టీ తెచ్చినావిడే ఆ సంస్థ కార్యదర్శి. ఆవిణ్ణి ఒక ప్రశ్న అడగబోతే, "దానికేం తెలుసండీ, నన్నడగండి" అన్నాడాయన. కార్యదర్శిగారు ఆయన భార్యే మరి. ఇంకోచోట గుమ్మం మీద నిలువెత్తు బోర్డు, లోపల ఆడవాళ్ల మరుగుదొడ్డికి తాళం. తాళంచెవి మేనేజరు జేబులో ఉంది, మేనేజరు సెలవులో ఉన్నాడు. మూడో చోట గోడకు ఫిర్యాదుల పెట్టె వేలాడుతోంది. ఊపి చూస్తే గలగలమంది. పాపం ఎవరి గోడో అని పట్టుబట్టి తెరిపిస్తే బిస్కెట్ల కాగితాలు, రెండు పగిలిన బొత్తాలు, వెల్లకిలా చచ్చిన బొద్దింక. పైన పటారం, లోన లొటారం. అన్నిటికీ చుక్క పెట్టింది. బొద్దింక ఉన్నదానికీ పెట్టింది. ప్రశ్నల్లో బొద్దింక గురించి గడి లేదు.

ఈ సంస్థలన్నీ నగరానికి పడమటి పక్కనే, ఒకదాని భుజం ఒకటి రాసుకుంటూ ఉన్నాయి. వీటన్నిటికీ, ఈ పటానికీ డబ్బిచ్చే దాతగారి కార్యాలయం అక్కడుంది. బెల్లం ఉన్నచోటికే కదా ఈగలు చేరేది. తూర్పు పక్క మాత్రం గోడౌన్లు, ఇరుకు సందులు, పగలంతా లారీల మోత. తన్నులు తినే ఆడవాళ్లు అటే ఎక్కువ. చుక్క ఒక్కటీ లేదు.

ఆసుపత్రిలో కట్లు కట్టే ఆవిడ ఒకరోజు గొంతు తగ్గించి, "అటుపక్క ఒక ఇల్లుందమ్మా. బోర్డు ఉండదు. నా పేరు చెప్పకు" అని గుర్తులు చెప్పింది. చుక్కలావిడ వెతుక్కుంటూ వెళ్లింది. గోనెసంచుల గోడౌను వెనక సందులో, వెల్ల వేయని గోడ, ఇనుప తలుపు. తలుపు తట్టేముందే ఫోనులో సర్వే తెరిచిపెట్టుకోవడం ఆమె అలవాటు. తెరిచింది, తట్టింది. చాలాసేపటికి తలుపు జానెడు తెరుచుకుంది.

తెరిచింది వదిన.

సొంత వదిన. భర్తకు అక్క. ఆరేడు నెలలుగా ఆచూకీ లేదు. "ఎక్కడికో లేచిపోయింది" అని వదిన మొగుడు చుట్టాలందరికీ చెప్పుకొచ్చాడు. చుట్టాలందరూ నమ్మారు. నమ్మడానికి సులువుగా ఉండేవే మన చుట్టాలు నమ్ముతారు.

"నువ్వా?" అంది వదిన. మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఎవరు పంపారు? ఆయనా?"

"కాదు వదినా, ఒట్టు. ఆఫీసు పని మీద వచ్చాను. మీరిక్కడున్నారని నాకు తెలీదు."

వదిన తలుపు కుడిచేత్తోనే పట్టుకుంది. ఎడమ మణికట్టు వంకరగా అతుక్కుపోయి ఉంది. అది ఎలా విరిగిందో చుక్కలావిడకు తెలుసు. స్నానాలగదిలో జారిపడిందని ఆ రోజుల్లో ఇంటిల్లిపాదీ చెప్పుకున్నారు. అత్తగారు కూడా అదే మాట, కన్నతల్లి అయ్యుండి. ఆ మాట విని తల ఊపినవాళ్లలో చుక్కలావిడా ఉంది.

వెనకనుంచి ఒక ముసలావిడ వచ్చింది. ఆసుపత్రిలో నర్సుగా చేసి మానేసిన మనిషి. ఇల్లు ఆవిడదే, నడిపేదీ ఆవిడే. లోపల ఉన్నవాళ్లంతా నర్సమ్మ అంటారు. ఆవిడ సంగతంతా విని, చుక్కలావిడను పైనుంచి కిందిదాకా చూసి, లోపలికి రమ్మంది. లోపల రెండు గదుల్లో తొమ్మిదిమంది ఆడవాళ్లు, కొందరు పిల్లలు. మంచాలు సరిపోక చాపలు. అయినా నేల కడిగినట్టుంది. మరుగుదొడ్డికి తాళం లేదు. గొళ్లెం మాత్రం లోపలివైపు ఉంది. చుక్కలావిడకు చాలా రోజుల తర్వాత ఊపిరాడింది.

"లెక్కలో రాసుకో తల్లీ, మేం ఉన్నామని" అంది నర్సమ్మ. "లెక్కలో లేకపోతే ఇలాంటి ఇళ్లు అక్కర్లేదని పైవాళ్లు తేల్చేస్తారు. చోటు మాత్రం రాయకు. ఇక్కడున్న ప్రతిదాని మొగుడూ వెతుకుతూనే ఉన్నాడు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. నీ పెదవి దాటనియ్యకు."

"దాటదండీ" అంది చుక్కలావిడ.

"మీ ఆయనతో కూడా అనొద్దు" అంది వదిన. "వాడు చెడ్డవాడు కాదు. కానీ బావ కళ్లనీళ్లు పెట్టుకుంటే కరిగిపోతాడు."

వదిన చెప్పింది అక్షరాలా నిజం. ఆ వారమే ఆ బావగారు ఇంటికొచ్చి ముందుగదిలో కూర్చున్నాడు. ఆయనకు ప్రింటింగ్ ప్రెస్సు ఉంది. బ్యానర్లు, బోర్డులు, గోడంత పటాలు వేస్తాడు. తెల్లటి చొక్కా, నున్నగా దువ్విన జుట్టు, మాటకు ముందు ఒక నిట్టూర్పు. నోరు తెరిస్తే తేనె. చుక్కలావిడ ఆయన్ని అన్నయ్యగారూ అని పిలవాలి. ఆ పిలుపు వచ్చినప్పుడల్లా నోట్లో సబ్బు పెట్టుకున్నట్టు ఉండేది.

"దాని తప్పులన్నీ క్షమించేశాను రా" అన్నాడు బావమరిదితో, రుమాలుతో కళ్లు ఒత్తుకుంటూ. "ఇంటికొస్తే చాలు. ఎవరో ఆడాళ్ల సంస్థవాళ్లు దాచిపెట్టుంటారని నా అనుమానం. అమ్మాయ్, నువ్వు అన్ని సంస్థలూ తిరుగుతావుగా, ఎక్కడా కనబళ్లేదా?"

"లేదండీ అన్నయ్యగారూ."

"కనబడితే చెప్తావుగా?"

"చెప్పదా ఏంటి బావా" అన్నాడు భర్త, ఆమె తరఫున. బావగారు రెండో కప్పు టీ తెమ్మన్నాడు. ఆమె తెచ్చింది. కప్పు అందుకున్న ఆ వేళ్లు పొట్టిగా, శుభ్రంగా, గోళ్లు కత్తిరించుకుని ఉన్నాయి. ఆయన వెళ్లాక ఆ కప్పు రెండుసార్లు తోమి, చివరికి చెత్తబుట్టలో పడేసింది. కప్పు ఏమైందని భర్త అడిగితే పగిలిందని చెప్పింది.

ఇక ఆఫీసు సంగతి. పటం దాదాపు పూర్తయింది. మేడమ్ కంప్యూటరు ముందు నిలబడి తల కుడికి వంచారు, ఎడమకి వంచారు.

"ఏదో వెలితిగా ఉంది" అన్నారు. "పడమర కిటకిటలాడిపోతోంది, తూర్పు బోడిగా ఉంది. పటం ఒక పక్కకి ఒరిగినట్టు లేదూ? దాతగారికి సమతూకం చాలా ముఖ్యం."

"అటుపక్క ఒక ఇల్లుంది మేడమ్. లెక్కలో రాశాను. చోటు చెప్పకూడదు. ప్రాణాలతో పని."

"ఉందా!" మేడమ్ ముఖం వెలిగిపోయింది. "ఒక్క చుక్క, అంతే. ఎంత నిండుగా ఉంటుందో చూడు."

ప్రాణాలతో పని అన్న మాట ఆవిడ చెవికి తగిలి కిందపడిపోయింది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. చుక్కలావిడ బతిమాలింది, వాదించింది, ఉద్యోగం మానేస్తానని కూడా అంది. చివరికి మేడమే ఒక మెట్టు దిగి, చుక్క వద్దు, ఆ ప్రాంతాన్నంతా కలిపి ఒక పెద్ద వలయం గీద్దాం, కింద ‘చిరునామా గోప్యం’ అని రాద్దాం అన్నారు. తన ఆలోచనకు తనే మురిసిపోయారు. కంప్యూటరు నడిపే పెద్దాయన పక్కన కూర్చుని, వలయాన్ని ఇంటికి దూరంగా జరిపించింది చుక్కలావిడ. ఇల్లు వలయంలో ఏదో ఒక అంచున, ఎవరికీ అంతుపట్టని చోట పడేలా చూసుకుంది. అప్పటికి స్థిమితపడింది.

పటం ముద్రణ ఎప్పటిలాగే అన్నయ్యగారి ప్రెస్సుకు వెళ్లింది. ఆఫీసు పనులన్నీ ఏళ్లుగా అక్కడే. వేరే ప్రెస్సుకిద్దామని ఆమె అంటే, "ఎందుకు? చెప్పిన టైముకిస్తాడు, పైగా మీ బంధువు" అన్నారు మేడమ్. ఎందుకో చెప్పాలంటే మిగతాది కూడా చెప్పాలి. నోరు మూసుకుంది. వలయం దూరంగానే ఉందిగా అనుకుంది.

ఆవిష్కరణ రోజు పొద్దున్నే హాలుకు వెళ్లింది. గోడకు ఆ చివరనుంచి ఈ చివరదాకా పటం కట్టారు. నిచ్చెన దగ్గర నిలబడి అన్నయ్యగారే దగ్గరుండి కట్టిస్తున్నాడు. ఆమె మొదట తూర్పు పక్కకే చూసింది.

వలయం జరిగింది.

గోనెసంచుల గోడౌను సందు మీద, అచ్చంగా నడిమధ్యలో కూర్చుంది.

కంప్యూటరాయన్ని పట్టుకుని పక్కకి లాగింది. "ఏం చేశారండీ ఇది?"

"నేనేం చేశానమ్మా? వలయం మూలకి వెళ్లి, పటం అంచున వేసిన దాతగారి లోగో గుర్తు మీద పడింది. మేడమ్ చూసి గుర్తు కప్పేశావేంటని చిందులు తొక్కారు. సరిచెయ్యమన్నారు. ‘మధ్యకు’ అని నొక్కితే అదే జరుగుతుంది కదా."

"దేనికి మధ్యకు? ఆ ఇంటి చోటు నేను రాయనే లేదుగా!"

"నువ్వు రాయకపోతే ఏం, నీ ఫోను రాసుకుంది. తలుపు ముందు సర్వే తెరిచావుగా. తెరిచిన చోటు అదే పట్టేస్తుంది, వలయం నడిమి ఆ చోటుకే వచ్చింది. మీకందరికీ మొదట్లోనే చెప్పాను, ఎవరు విన్నారు?"

అంటే దాచడానికని ఒక ఇంటి చుట్టూ గుండ్రంగా గీత గీసి, దాన్ని సరిగ్గా నట్టనడుమ పెట్టి, పక్కన ‘గోప్యం’ అని రాసి, నగరమంతా చూడమని గోడకు కట్టారు. బళ్లో వృత్తలేఖిని పట్టుకున్న పిల్లవాడికి కూడా తెలుసు, ముల్లు గుచ్చేది మధ్యలో అని. ఇంత చదువుకున్నవాళ్లు, ఇన్ని సదస్సులు చేసినవాళ్లు. ఒక మనిషి ప్రాణం కన్నా మూలనున్న గుర్తు ముఖ్యమైపోయింది. ఆమెకు వాళ్ల మీద కోపం రాలేదు. రోత పుట్టింది. కోపమైతే ఎవరినో ఒకరిని తిట్టి దింపుకోవచ్చు.

"అమ్మాయ్" అన్న పిలుపు పక్కనుంచి వచ్చింది. అన్నయ్యగారు. చేతులు తుడుచుకుంటూ పటాన్నే చూస్తున్నాడు. "ముప్ఫై ఏళ్లుగా ఇదే పని నాది. వలయం కనబడితే ముందు మధ్య ఎక్కడో చూస్తాను, అదో అలవాటు. ఈ గోప్యం ఇల్లు నువ్వు చూసే ఉంటావుగా?"

"ఎవరో వేరేవాళ్లు చూశారండీ."

"ఓహో." నవ్వాడు. "ఈ మీటింగ్ ఎప్పటికి అయిపోతుంది?"

ఆమె మెట్లకిందికి వెళ్లి నర్సమ్మకు ఫోన్ చేసింది. రెండుసార్లు తప్పు నంబరు నొక్కింది. విషయం చెబితే నర్సమ్మ ఏడవలేదు, తిట్టలేదు.

"నువ్విప్పుడు ఇటు రాకు. వచ్చావంటే దారి చూపించినట్టే. వ్యాను దొరకాలి, పిల్లల్ని ఎక్కించాలి. వాణ్ణి అక్కడే కూర్చోబెట్టు. మేం బయటపడగానే ఒక్క రింగిచ్చి పెట్టేస్తా."

"ఎలా కూర్చోబెట్టనండీ?"

"నాకేం తెలుసు. తాళ్లతో కట్టు, పొగుడు, ఏదో ఒకటి చెయ్యి."

తాళ్లు లేవు. చుక్కలావిడ పైకి వచ్చేసరికి హాలు నిండింది, దాతగారు ముందువరసలో కూర్చున్నారు. అన్నయ్యగారు బండి తాళాలు వేలికి తిప్పుకుంటూ గుమ్మంవైపు నడుస్తున్నాడు. ఆమె గబగబా వేదిక ఎక్కి మేడమ్ చెవిలో గొణిగింది.

"మేడమ్, ఇంత పెద్ద పటం వేసినాయన మగవాడు. న్యాయపటానికి ఒక మగవాడు చెయ్యి కలిపాడని సన్మానిస్తే? దాతగారి ముందు బాగుంటుంది."

మేడమ్ కళ్లు చెమర్చాయి. "నీలో ఇంత ఉందనుకోలేదే! నువ్వే పరిచయం చెయ్యి."

మైకు చేతికొచ్చింది. రెండో చేతి పిడికిట్లో ఫోను. చుక్కలావిడ గొంతు సవరించుకుంది.

"అన్నయ్యగారూ, ఒక్క నిమిషం ఆగండి. ఎక్కడికి వెళ్లిపోతున్నారు? ఈ రోజు మీదే."

హాలంతా వెనక్కి తిరిగింది. ఆయన గుమ్మంలో ఆగిపోయాడు. బయటికి పోవడానికి కాలు లేస్తోంది, ఇంతమంది చూస్తుంటే పొగడ్త వదులుకోవడానికి మనసు రావడంలేదు. చివరికి మనసే గెలిచింది. జుట్టు సవరించుకుని వేదిక ఎక్కాడు.

ఆమె మొదలుపెట్టింది. ఆడవాళ్ల కష్టం కనబడితే చూస్తూ ఊరుకోని మనిషి అంది. మెత్తని మనసంది. కన్నీళ్లు దాచుకోలేరంది. ఇంటికెళ్లి చూస్తే తెలుస్తుందంది. పొగిడిన ప్రతి మాటకూ చప్పట్లు. మాట అయిపోతే మళ్లీ మొదటికొచ్చి ఇంకోలా పొగిడింది. ఫోను కదల్లేదు. ఇలాంటి మగవాళ్లు ఇంటికొక్కరుంటే మనకీ పటమే అక్కర్లేదంది. దాతగారు తల ఊపారు. ఫోను కదల్లేదు. ఆమె నోట్లోంచి వస్తున్న ఒక్కో మాటా గొంతులో వెంట్రుక అడ్డుపడినట్టు ఉంది. మింగలేదు, ఉమ్మలేదు. మాట్లాడుతూనే ఉంది.

డాలు ఆకారంలో ఇత్తడి జ్ఞాపిక తెచ్చారు. ఆయన చేతికి ఆమే అందించాలట. అందించింది. పొట్టి వేళ్లు ఆమె వేళ్లకు తగిలాయి. ఫొటో తీసేవాడు ఇంకా దగ్గరగా జరగమన్నాడు. జరిగింది.

"రెండు మాటలు మాట్లాడండి అన్నయ్యగారూ" అని మైకు ఆయన నోటి దగ్గర పెట్టింది.

మైకంటే ఆయనకు ఇంత ఇష్టమని ఆమెకు తెలియదు. "ఇంట్లో ఆడదాన్ని గౌరవించలేనివాడు మగాడే కాదండీ" అని ఎత్తుకున్నాడు. మేడమ్ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆయన రెచ్చిపోయాడు. తల్లి గురించి మాట్లాడాడు, చెల్లెళ్ల గురించి మాట్లాడాడు. "నా భార్య" అని ఒక క్షణం ఆగి, రుమాలు తీసి కళ్లు ఒత్తుకున్నాడు. ముందువరసలో ఎవరో ముక్కు చీదారు. చుక్కలావిడకు పొట్టలోంచి పుల్లటిదేదో పైకొచ్చింది. నవ్వు ముఖం చెదరకుండా దాన్ని మింగింది.

పిడికిట్లో ఫోను ఒక్కసారి వణికి ఆగింది.

ఆమె మైకు కింద పెట్టేసింది. ఆయన వాక్యం మధ్యలో ఉన్నాడు. ఎవరేమనుకున్నా ఆమె లెక్కచేయలేదు. నేరుగా మరుగుదొడ్డికి వెళ్లి, పొద్దున తిన్నదంతా కక్కేసింది. చేతులు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుంది.

సాయంత్రం నర్సమ్మ ఫోన్ చేసింది. అందరూ క్షేమం. "మేం వచ్చేశాక వాడొచ్చాడంట. ఎదురింటావిడ చూసి చెప్పింది. చేతిలో ఇత్తడిదేదో ఉందంట, డాలు లాంటిది. దాంతో తలుపు బాదాడంట, సొట్టలు పడేదాకా."

"ఇప్పుడెక్కడున్నారండీ?"

"ఈసారి నీక్కూడా చెప్పను తల్లీ. ఏమీ అనుకోకు. నువ్వు మంచిదానివే. నీ జేబులో ఏముందో నీకే తెలీదు, అదీ గొడవ."

తర్వాత ఫోను వదిన చేతికి వెళ్లింది.

"ఆయన గురించి మైకులో మాట్లాడావటగా?"

"మిమ్మల్ని బయటపడేయడానికి వదినా."

"తెలుసులే. ఏమన్నావు? మంచివాడన్నావా?"

"అన్నాను."

"ఊఁ" అంది వదిన. "మా అమ్మ కూడా అలాగే అనేది." ఫోను పెట్టేసింది.

మర్నాడు ఆఫీసుకు వెళ్లేసరికి మేడమ్ గది తలుపు బార్లా తెరిచి ఉంది. ఆవిడ హుషారుగా ఉన్నారు. దాతగారికి సభ చాలా నచ్చిందట. మగవాళ్ల భాగస్వామ్యం అన్నది ఎంత చక్కగా చూపించారని మెచ్చుకున్నారట.

"కూర్చో. చిన్న సమస్య వచ్చింది. తూర్పు పక్కన ఆ ఇల్లు ఖాళీ చేసేశారటగా?"

"అవునండీ. మన వలయం వల్లే."

"అయ్యో పాపం" అన్నారు మేడమ్, ఒక ముక్క చాలన్నట్టు. "మరి అక్కడ మళ్లీ బోడిగా అయిపోతుంది. రాత్రంతా ఆలోచించాను. ఆ ప్రెస్సాయన షాపు తూర్పు పక్కే కదా? ఆయనకో చుక్క పెట్టేద్దాం. ‘మహిళల పక్షాన మగవారు’ అని కొత్త రకం. ఆధారం కూడా రెడీగా ఉంది, నీ ప్రసంగమే. మొత్తం రికార్డయింది. విన్నావా ఎంత బాగా వచ్చిందో?"

కంప్యూటరు మీద నొక్కారు. చుక్కలావిడ గొంతు గదంతా పరుచుకుంది. మెత్తని మనసు, కన్నీళ్లు దాచుకోలేరు, ఇలాంటి మగవాళ్లు ఇంటికొక్కరుంటే. తీయగా, తడబాటు లేకుండా, అచ్చం అత్తగారు చుట్టాల దగ్గర అల్లుణ్ణి పొగిడినట్టే ఉంది.

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట మరొకడు. చుక్కలావిడ లేచి నిలబడింది.

"ఆపండి మేడమ్."

"ఏమైంది?"

"ఆయన మా వదిన మొగుడు. మా వదిన మణికట్టు విరిచింది ఆయనే. ఆవిడ ఆ ఇంట్లో దాక్కుంది ఆయన నుంచే. నిన్న ఆయన్ని హాల్లో ఆపాలని ఆ అబద్ధాలన్నీ చెప్పాను. ఆవిడ పారిపోవడానికి టైము కావాలని చెప్పాను. మీరిచ్చిన డాలుతోనే వెళ్లి ఆ తలుపు బాదాడు."

గొంతు పెంచే అన్నది. బయట టైపు కొడుతున్న చప్పుడు ఆగిపోయింది. కంప్యూటరాయన కుర్చీ ఇటు తిరిగింది. మేడమ్ నెమ్మదిగా లేచి వెళ్లి తలుపు మూశారు. వచ్చి కూర్చుని, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. నిజంగానే బాధపడ్డట్టు కనబడ్డారు.

"చాలా దారుణం. ముందే చెప్పాల్సింది నువ్వు" అన్నారు. తర్వాత చాలాసేపు పటంవైపు చూస్తూ ఉండిపోయారు.

"పోనీ, లేత ఊదారంగు పెడితే?"

"థూ" అంది చుక్కలావిడ.

మాట కాదు, నిజంగానే ఉమ్మింది. బల్ల మీద పరిచిన న్యాయపటం నకలు మీద, ఎక్కడ పడితే అక్కడ. తలుపు తీసుకుని అందరి మధ్యనుంచి నడిచి బయటికొచ్చేసింది. వెనక మేడమ్ ఎవరినో గుడ్డ తెమ్మని కేకేస్తున్నారు.